నెలవంకకు అర మిల్లీమీటరు దూరంలో

కడపలో ఇరవై రెండేళ్లు పెళ్లి ఫోటోలు తీశాను. ఇప్పుడెవరూ పిలవడం లేదని చెప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు. పెళ్లికొచ్చిన ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉంటే నన్నెందుకు పిలుస్తారు? స్టూడియో మూసేసిన రోజు అన్నీ అమ్మేశాను, ఒక్క లెన్సు తప్ప. రెండు వందల మిల్లీమీటర్ల పాత లెన్సు అది. మంటపానికి అంత దూరాన నిలబడి పెళ్లికూతురి కంటికొసన ఆగిన నీటిచుక్కను పట్టుకునేది. బేరానికి వచ్చినవాడు దాన్ని పాత ఇనుము లెక్కన అడిగేసరికి ఒళ్లు మండి, పొమ్మన్నాను.

ఆ లెన్సుకు పని కల్పించడానికే నక్షత్రాలను ఫోటో తీసే కెమెరా ఒకటి, ఎవరో వాడి వదిలేసింది, కొన్నాను. చూడ్డానికి కెమెరాలా ఉండదు. ఎర్రటి డబ్బా. నొక్కడానికి బటన్ లేదు, కన్నుపెట్టి చూడ్డానికి సందు లేదు. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బొమ్మ అందులో కనిపిస్తుంది. వెనక చిన్న ఫ్యాను తిరుగుతూ లోపలి సెన్సారును చల్లగా ఉంచుతుంది. కడప ఎండలో మనకు లేని చల్లదనం దానికెందుకని మా ఆవిడ అడిగింది. నేను వినపడనట్టు వైర్లు తగిలించుకుంటూ పోయాను.

లెన్సుకూ డబ్బాకూ మూతులు కలవవు. మధ్యలో ఒక గొట్టం ఉండాలి, దాని పొడవు లెక్క తప్పకూడదు. పాత కెమెరాలో లెన్సు అంచు నుంచి ఫిల్ముకు నలభై ఆరున్నర మిల్లీమీటర్లు. కొత్త డబ్బాలో సెన్సారు మూతికి పదిహేడున్నర లోపల ఉంది. తీసేస్తే ఇరవై తొమ్మిది. గొట్టం రవ్వంత పొట్టిదైతే లెన్సు రింగు తిప్పి సర్దుకోవచ్చు. పొడవైతే మాత్రం దగ్గరి వస్తువులే స్పష్టంగా కనిపిస్తాయి, ఆకాశం ఎంత తిప్పినా చెదిరే ఉంటుంది.

మా వీధి చివర నా స్నేహితుడి లేత్ షాపు ఉంది. బోరు మోటార్ల ఇరుసులకు వేసే గుండ్రటి బుష్షులు చేస్తాడు. అతని నికా ఫోటోలు తీసింది నేనే. పాత సామాన్ల అంగట్లో దొరికిన చెడిపోయిన కెమెరా మూతి ఊడదీసి, అల్యూమినియం గొట్టానికి దాన్ని బిగించాలని చెప్పి, “మొత్తం ఇరవై తొమ్మిది” అని కాగితం మీద రాసిచ్చాను. అప్పుడు రంజాన్ నెల సగం దాటింది. ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నా దేనికిదంతా అని అడిగాడు. చందమామను తీయడానికని చెప్పగానే మోటారు ఆపేశాడు.

“మా అమ్మీకి నెలవంక చూపియ్యగలవా అప్పా?” అన్నాడు. “పండగ చంద్రుణ్ణి చూసి నాలుగేండ్లాయ. మాతో పాటు మిద్దె ఎక్కుతాది. మేము చూసినామంటే సరేనని తలూపి దిగొస్తాది. కంటి నరం దెబ్బతినింది, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు డాక్టర్లు. పెద్దగా, దగ్గరగా ఉంటే మాత్రం కనపడుతుంది. మనవరాలి ఫోటో ఫోనులో అట్లనే చూస్తాది.”

చూపిస్తానన్నాను. పెళ్లివాళ్లకు మాటిచ్చినంత ధీమాగా అన్నాను. పండగ ఇంకా రెండు వారాలుంది, లెన్సు నాది, లెక్క నాది, తప్పేదేముంది?

వారంలో గొట్టం వచ్చింది. అద్దంలా మెరుగుపెట్టి ఇచ్చాడు. లెన్సు టక్కుమని కూర్చుంది. మా మిద్దె మీద నుంచి పక్క వీధి నీళ్ల ట్యాంకుకు గురిపెడితే దాని నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా వచ్చాయి. ఇంకేం కావాలని మురిసిపోయి అన్నీ సర్ది పెట్టేశాను. మబ్బులున్నాయనో, ఊళ్లో లేననో, మళ్లీ పండగ ముందు సాయంత్రం దాకా దాన్ని ముట్టలేదు. నా గొప్ప ఆ నీళ్ల ట్యాంకు దగ్గరే ఆగిపోయిందని అప్పటికి నాకు తెలీదు.

రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం వాళ్ల మిద్దె మీద స్టాండు నిలబెట్టాను. అమ్మీకి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. తలమీద కొంగు సర్దుకుని, పడమటికి, కమలాపురం దిక్కుకు మొహం పెట్టి కూర్చుంది. ఆ ఎర్ర డబ్బాను తడిమి, “ఇంత చిన్నదానిలో పడతాడా నాయినా చంద్రుడు?” అంది. పొద్దు మునిగిన కాసేపటికి పక్క మిద్దెల మీద పిల్లలు కేకలేశారు. మసీదు మైకులో చంద్రుడు కనిపించాడని చెప్పారు. నేను గురిపెట్టి రింగు తిప్పాను. తెర మీద సున్నం మరకలా ఒక తెల్లటి మసక. ఇంకా తిప్పాను. రింగు చివరికొచ్చి ఆగిపోయింది, మసక అట్లాగే ఉంది.

“వచ్చినాడా నాయినా?” అంది అమ్మీ, కుర్చీలోంచి లేవబోతూ.

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. చెదిరిన బొమ్మను గిరాకీకి చూపించడం నా వృత్తిలో లేదు. “ఈరోజు కుదరలేదమ్మా, రేపు చూపిస్తా” అన్నాను. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే తలూపి దిగిపోయింది. ఆ తలూపడం చూశాక నాకు మా చెడ్డ కోపం వచ్చింది, పోయి స్నేహితుడి మీద పడ్డాను.

షాపు తెరిపించి వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిస్తే గొట్టం ఇరవై తొమ్మిదిన్నర ఉంది.

“ఇరవై తొమ్మిదంటే ఇరవై తొమ్మిదని తెలీదా నీకు?”

“బోరు బుష్షుకు అర మిల్లీ ఎక్కువే పెడతామప్పా. బిగించేటప్పుడు సాలకపోతే యాడ తెస్తాం? ఎక్కువుంటే తీసేయొచ్చు. నా చెయ్యి అట్లనే అలవాటు పడింది.” మెల్లగా అన్నాడు: “ఎందుకు ఇరవై తొమ్మిదో నువ్వు చెప్పల్యా. చెప్పింటే తక్కువే పెట్టేవాణ్ణి.”

నిజమే. అంకె రాసిచ్చాను గానీ కారణం చెప్పలేదు. పైగా చంద్రుడి కోసం చేయించినదాన్ని పక్క వీధి ట్యాంకు మీద పరీక్షించి చంకలు గుద్దుకున్నది ఎవరు? ఇంటికి రాగానే, మిద్దె మీద తీసిన ఆ చెదిరిన ఫోటోలన్నీ అలవాటు ప్రకారం చెరిపేశాను.

మరునాడు పండగ. మధ్యాహ్నం సేమ్యా గిన్నెతో మా ఇంటికొచ్చి గొట్టం ఇమ్మన్నాడు. తెల్లటి కొత్త బట్టల మీద ఇంకా అత్తరు వాసన. పండగపూట వద్దు, రేపు చూద్దామన్నాను.

“రేపటికి లావైపోతాడప్పా. ఆమె చూడాల్సింది పండగ చంద్రుణ్ణి” అన్నాడు.

వీధంతా మూసి ఉంటే అతనొక్కడే షట్టరెత్తాడు. చొక్కా చేతులు మడిచి, గొట్టాన్ని లేత్‌కు బిగించి అంచు చెక్కాడు. నేను పక్కనే నిలబడ్డాను, ఈసారి లెక్కంతా విడమరిచి చెబుతూ. ఇరవై ఎనిమిది పాయింటు తొమ్మిది దగ్గర ఆపేశాడు. కొత్త చొక్కా అంచున నూనె మరక పడింది. అతను చూసుకోలేదు.

ఆ సాయంత్రం రింగు తిప్పుతుంటే మసక సన్నబడుతూ వచ్చి, చివరికి రెండు కొసలూ తేలాయి. ల్యాప్‌టాప్ అమ్మీ ఒళ్లో పెట్టాను. ఆమె మొహం తెరకు ఆనేంత దగ్గరగా పెట్టి, ఒక కొస నుంచి ఇంకో కొసదాకా వేలితో మెల్లగా రాసింది.

“యా అల్లా, ఎంత సన్నగుండాడు” అంది. అరచేతులు పైకెత్తి, పెదవులు కదుపుతూ చాలాసేపు ఉండిపోయింది. 

తర్వాత నావైపు తిరిగి, “నిన్నటిది ఎట్లుండె?” అంది.

“చెదిరిపోయిండెనమ్మా. బాగలేదు.”

“చూపియ్యి.”

చెరిపేశానని చెప్పలేక రింగును కొంచెం వెనక్కి తిప్పాను. తెరమీద కొసలు కరిగాయి. “ఇట్లుండె” అన్నాను.

“ఇంకొంచెం తిప్పు” అంది. తిప్పాను. “ఇంకొంచెం.” వంక పోయి తెల్లటి మరక మిగిలింది. “ఆ. ఆడ నిలుపు. నాకు పైన ఇట్ల కనపడుతాడు నాయినా. ఇది యాడ చంద్రుడని చెప్పేది? అందుకే కనపడలేదని నేను అంటాండా.”

స్నేహితుడు వెనక నుంచి వంగి తెరకేసి చూశాడు. తల్లి మొహం చూశాడు, మళ్లీ తెర చూశాడు.

“నేను నీకు పైన అంతా చీకటనుకుంటి అమ్మీ, ఇన్నేండ్లూ” అన్నాడు.

ఆ సాయంత్రం తీసిన రెండు ఫోటోలూ, స్పష్టమైనదీ మసకదీ, దాచాను. వారం తర్వాత నెలవంకను పెద్దగా అచ్చువేయించి తీసుకుపోతే, దాన్ని అమ్మీ తన మంచం పక్కన పెట్టించుకుంది. స్నేహితుడు మాత్రం దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, ఇంకోటి యాడుందని అడిగాడు. చెదిరిన బొమ్మను నా బతుకులో ఎవరికీ ఇవ్వలేదు, అతనికి తప్ప. ఇప్పుడది లేత్‌కు ఎదురుగా, వెర్నియర్ తగిలించే మేకు పక్కన ఉంది.