మానని చిగురు

నా భార్య దారాన్ని పంటితోనే తెంపేది. ఫలక్‌నుమాలో మా ఇంటి ముందుగదిలో, వెలుతురు పడే చోట కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేది. ఆఫీసు నుంచి నేను లోకల్ రైలు దిగి వచ్చేసరికి ఒళ్లో ఎవరిదో చీర, పెదవుల మధ్య దారం ముక్క. "ఇగో, ఛాయ్ పెట్టాల్నా?" అని ఆ దారం తీయకుండానే అడిగేది.

ఒకరోజు నేను వచ్చేసరికి నల్లా కింద మీగడ రంగు పట్టుచీర అంచు పట్టుకుని రుద్దుతోంది. దారం తెంపేటప్పుడు చిగురు నుంచి కారిన నెత్తురు చీరకు అంటిందట.

"పండ్ల డాక్టర్‌కు చూపిద్దాం పా," అన్నాను.

"మీరు ఊకె ఫికర్ జేస్తరు. చిగుళ్లల్ల నెత్తురు నాకు కొత్తనా ఏంది? మా అమ్మకు గూడ గట్లనే ఉండె."

నిజమే, కొత్త కాదు. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నదే. ఉప్పునీళ్లు పుక్కిలించేది, లవంగ నూనె రాసుకునేది, పేస్టు మార్చేది. కాస్త తగ్గగానే ఇద్దరం మరిచిపోయేవాళ్లం. ఆ చీర మరక కూడా అలాగే పోయింది.

కొన్నాళ్లకు కింది దవడలో పన్ను కదిలింది. పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళితే పీకేసింది. పన్ను పోయిన చోట పుండు మానలేదు. మళ్లీ చూపిస్తే డాక్టరమ్మ వేలితో తడిమి చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

క్యాన్సర్ అని చెప్పిన రోజు నా భార్యకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"మేడం, నేను పాన్ తినలే, గుట్కా తినలే. జర్దా వాసన గూడ పడదు నాకు. మరి నాకెందుకొచ్చింది?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "గిదే కారణమని చెప్పలేనమ్మా. చిగుళ్ల జబ్బు ఏండ్లకేండ్లు ఉన్నోళ్లకు ఈ ముప్పు కొంచెం ఎక్కువని అంటున్నరు. ఆ జబ్బే దీన్ని తెస్తదా అన్నది ఇంకా తేలలే. చిగుళ్ల జబ్బు ఉన్నోళ్లల్ల చానామందికి క్యాన్సర్ రానే రాదు. మీకు మాత్రం, వాపు పాతదే గదా అనుకునుట్ల లోపటి పుండు కనపడలే."

ఆటోలో ఆమె నా చేయి పట్టుకుంది. "ఇద్దరం గట్లనే అనుకున్నం గదా," అంది.

ఆపరేషన్ చేసి దవడ ఎముక కొంత తీశారు. ముఖం ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చేది. వంటింట్లోంచి పిలిస్తే ఏమందో తెలిసేది కాదు, లేచి వెళ్లేవాణ్ణి. ఆమె ఎదురుగా ఉండగానే ఆమె పాత గొంతు కోసం ప్రాణం కొట్టుకునేది.

జబ్బు తిరగబెట్టి ఆమె చలికాలంలో పోయింది. ఇప్పుడు నేనూ మా బిడ్డా మానకుండా వెళ్లి చిగుళ్లు చూపించుకుంటున్నాం. నెత్తురు కనిపిస్తే ఆలస్యం చేయడం లేదు.

అన్నిటికంటే నాకు మళ్లీ కావాలనిపించేది, ఆపరేషన్ తర్వాత వచ్చిన ఆషాఢంలో ఒక సాయంత్రం. బోనాలకు గాజులు కావాలంటే చార్మినార్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎప్పుడూ కొనే దుకాణమే. దుకాణదారు చిక్కిపోయిన ఆమె మణికట్టు చూసి, ఎప్పటి సైజు పక్కనపెట్టి చిన్నవి తీశాడు. "ఆపా, యే దేఖో, నయా మాల్ హై," అని అక్కకు చూపించినట్టు ఆ కొత్త సరుకు ముందుపెట్టాడు. ఆమె పచ్చగాజులు తీసుకుని అక్కడే వేసుకుంది.

బయట జనం, ఆటోల లొల్లి. ఆమె గాజుల చేయి నా ముఖం ముందు ఆడించి ఏదో అంది.

"ఏందీ?" అన్నాను, వంగి చెవి దగ్గరపెట్టి.

మళ్లీ చెప్పింది. అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాను. ఆమె సగం ముఖంతోనే నవ్వి, ఏం లేదన్నట్టు తల ఊపి, నా భుజం పట్టుకుని ముందుకు నడిపించింది.

ఆ మాటేమిటో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది.