ప్రొఫెసర్ గారి చెంచా

నా చిన్నప్పుడు మేం కోటలో ఉండేవాళ్ళమంటే మా మనవరాలు నవ్వుతుంది. అమెరికాలో కోటలెక్కడివి అమ్మమ్మా అంటుంది. నిజానికి అదొక పాత యూనివర్సిటీలోని రాతి కాలేజీ. మా నాన్న అక్కడ లెక్కలు చెప్పేవారు. విద్యార్థులతోపాటే ఉండాలి కనుక పై అంతస్తులో మాకు మూడు గదులిచ్చారు. సాయంత్రం భోజనం మాత్రం కింద హాల్లో, అందరితో కలిసి.

ఆ హాలంటే నాకు ప్రాణం. పైన నల్లటి దూలాలు, గోడల నిండా పటాలు, పొడుగాటి బల్లలు. గుమ్మం ముందు మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడి ఉండేవి. పాతగా కనబడాలని కట్టినప్పుడే అలా చెక్కించారట, నాన్న నవ్వుతూ చెప్పేవారు. హాలు చివర అరుగు మీది బల్ల దగ్గర కాలేజీ పెద్ద, ఒక ముసలి ప్రొఫెసర్ గారు, కూర్చునేవారు. ఆయన చెంచా కింద పెట్టి లేచేదాకా ఎవరూ లేవకూడదు. మన బంతిభోజనాల్లోనూ అంతేగా, అందరూ తినేదాకా ఎవరూ లేవరు అనేది అమ్మ. నేను ఆ రెంటినీ కలిపేసుకున్నాను. నా తిండి అవకపోతే ఎవరి భోజనమూ ముగియదనుకున్నాను.

నా తొమ్మిదో ఏట, చలికాలంలో, గుండెపోటుతో నాన్న పోయారు. వేసవి సెలవుల్లోగా గదులు ఖాళీ చేయాలన్నారు. చివరి సాయంత్రం ప్రొఫెసర్ గారు మమ్మల్ని తన బల్లకు పిలిచారు. మమ్మల్ని ఎడిసన్ అనే ఊళ్ళోని తన ఇంటికి తీసుకెళ్ళడానికి మామయ్య సామాను ఎక్కించిన కారుతో బయట ఉన్నాడు.

ఐస్‌క్రీమ్ కరిగి నీళ్ళయినా నేను బొట్టుబొట్టుగా తింటున్నాను. చెంచా దించితే నాన్న ఉన్న ఇల్లు ఇక లేనట్టే.

"కానియ్యి బంగారం, ఫినిష్ చేసెయ్. మామయ్య వెయిట్ చేస్తున్నాడు" అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది. అయినా చెంచా వదల్లేదు.

ప్రొఫెసర్ గారు ఎప్పుడో తినేశారు. నా వంక చూసి, కింద పెట్టబోయిన చెంచాను మళ్ళీ పట్టుకున్నారు. లేవబోయిన ఒక కుర్రాడు మళ్ళీ కూర్చున్నాడు. అమ్మ సిగ్గుపడి నా చెయ్యి పట్టుకోబోయింది.

"తిననివ్వమ్మా, నేనూ ఇంకా తింటున్నాను" అన్నారాయన ఇంగ్లీషులో. ఆయన గిన్నెలో ఏమీ లేదు. నేను చూశాను. ఆ హాల్లో నియమం నా తిండిది కాదని, ఆయన చెంచాదని, ఆయన దాన్ని నా కోసం వాడుతున్నారని అప్పుడు అర్థమైంది.

కిటికీ ఎండ మా బల్ల దాటిపోయాక నేనే చెంచా దించాను. ఆ తర్వాతే ఆయన దించారు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా మెల్లగా తింటుంటే, నా కంచం ఖాళీ అయినా నేను చెయ్యి కడుక్కోను. అమ్మకు చివరి నెలల్లో ఒక్క ఇడ్లీకి గంట పట్టేది. నర్సు అమ్మ ప్లేటు తీసేయబోతే, నా ఖాళీ ప్లేటు ముందు కూర్చుని, నేనూ తింటున్నానని చెప్పేదాన్ని.

ఆఖరి రోజు అమ్మ నోరు తెరవలేదు. నేను చాలాసేపు చెంచా పట్టుకునే కూర్చున్నాను.