హాకీ పిల్ల జాతకం

రెండేళ్ల కిందట రాజమండ్రి స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో నా ఎదురుగా ఒక హాకీ కోచ్ గారు కూర్చున్నారు. ఆయన పొట్ట మీద రెండు జట్లు మ్యాచ్ ఆడుకున్నా ప్రేక్షకులకు ఇంకా చోటు మిగులుతుంది. ఆయన పక్కన తణుకు రైతు ఒకాయన, ఒళ్లో హాకీ కర్రతో ఆయన కూతురు.

“నిజం చెప్పండి సార్, మా అమ్మాయి ఇండియాకి ఆడుద్దాండీ?” అని రైతు ధవళేశ్వరం దాకా వినిపించేలా అడిగి, ఫోన్‌లో ఆమె ఆట చూపించాడు.

కోచ్ గారు అరటిపండు తింటూ చూశారు. “పరుగు తుఫానే. కానీ బంతి దొరికితే లోకం కనపడదు. పక్కన మనిషి ఖాళీగా ఉన్నా పాస్ ఇవ్వదు.”

“నేర్చుకుంటానండి. ఇంకొక్క ఏడాది చూడండి సార్,” అంది పిల్ల.

“పదేళ్లప్పుడు రావాల్సింది పద్దెనిమిదికి వస్తుందా తల్లీ?” అని ఆయన తొక్క పడేసి, రైతు వైపు తిరిగారు. “బీపీఈడీ చదివించండి. స్కూల్లో ఆటల టీచరుగా పనికొస్తుంది.”

రైతు మొహం మతాబులా వెలిగింది. వెంటనే పెళ్లానికి ఫోన్ చేశాడు. “ఏమేవ్! మన పిల్ల గెలిచేసిందే! గవర్నమెంటు టీచరంట, పెద్దాయనే చెప్పారు!”

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

“ఇంక కర్రెందుకమ్మా, ఈల కొనిస్తా!” అని రైతు కూతురి వీపు తట్టాడు.

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, కర్ర పిడికి చుట్టిన టేపును గోటితో గీరి, చివరిదాకా ఊడదీసింది.