గోదాంలో రథయాత్ర

ఆ రోజుల్లో లాజిస్టిక్స్ అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు గానీ, అది ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగమని మాత్రం గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నాకు ఎవరూ కలిగించలేదు, నేనే సొంతంగా కలిగించుకున్నాను. బి.కాం. అయ్యాక జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లోని మా రెండు గదుల ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, ఒక సరుకు రవాణా కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాను. పిలుపు రాగానే ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని, కళ్ళకు కాటుక పెట్టుకుని మరీ వెళ్ళాను. ఊరి చివర రేకుల గోదాం. ఏసీ ఎక్కడని అడిగితే, పైకప్పులో రేకు ఊడిన చోటు చూపించి గాలి బాగా వస్తుందన్నారు. నిజంగానే వచ్చేది. వానాకాలంలో గాలితో పాటు వాన కూడా వచ్చేది.

గోదాం మేనేజరు మా తెలుగాయనే. వాళ్ళ నాన్నగారు ఇంజనీరుగా వచ్చి కాసిడీహ్‌లో స్థిరపడ్డారట. ఈయనకు ఏ సమస్య చెప్పినా "హో జాయేగా" అనేవారు, అంటే అయిపోతుందిలే అని. లారీ రాలేదన్నా అదే మాట, వచ్చిన లారీకి టైరు పేలిందన్నా అదే మాట. (ఒకసారి నా చెప్పు తెగిందని చెప్పినా అదే అన్నారు.) అందుకని అందరం ఆయన్ని హోజాయేగా సారు అనుకునేవాళ్ళం. ఆ సారు ఒకనాడు నన్ను పిలిచి, "చూడమ్మా, నీ ఏడాది అయ్యేసరికి ఇక్కడ ఒక్క ఉద్యోగం ఖాళీ అవుతుంది. నీ పేరు పైకి రాయాలంటే ఏదైనా ఒక లోడు పూర్తిగా నీ చేతుల మీదుగా, చెప్పిన రోజుకు బయల్దేరాలి. ఒక్కటి చాలు," అన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే నా గతి ఏమిటో మా ఇంట్లో అప్పటికే తేల్చేశారు. గాజువాకలో మా మావయ్యకు సిమెంటు కొట్టుంది. అందులో కూర్చోవడానికి చదువుకున్న, నమ్మకమైన, జీతం అడగని మనిషి కావాలి. ఆ మూడు లక్షణాలూ నాలో నిండుగా ఉన్నాయని మా అమ్మ ఫోనులో మాటిచ్చేసింది.

ఇక విశ్వకర్మ పూజ గురించి చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో ఆ రోజు ఇనుముతో చేసిన ప్రతిదీ దేవుడే. ఆటోకు దండ, వెల్డింగ్ మిషనుకు బొట్టు, సైకిలు పంపుకు కూడా అగరుబత్తి. ఒకసారి బొట్టు పెట్టాక ఆ పనిముట్టు మర్నాటి దాకా సెలవులో ఉన్నట్టే, దాన్ని ఎవరూ ముట్టుకోరు. కాంట్రాక్టులో జీవితమంతా క్రేను నడిపిన మా నాన్నయితే రిటైరయ్యాక కూడా ఆ రోజు స్క్రూడ్రైవరు ముట్టుకోడు, మమ్మల్ని ముట్టుకోనివ్వడు. (ఒక ఏడాది సరిగ్గా ఆ రోజే మా వీధి తలుపు గడియ ఊడింది. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాం.) మా గోదాంలో కూడా పూజ ఘనంగా చేస్తారు. ఈసారి విగ్రహం ఎక్కడ పెట్టాలో నన్నే చూడమన్నారు సారు.

చూడమంటే ఊరికే చూసి వదిలేసే దాన్ని కాను. గోదాం పటం గీశాను. జనం ఎటు రావాలి, ఎటు పోవాలి, ఖిచిడీ ప్రసాదం వరుస ఎక్కడ మొదలవ్వాలి, ఒకడు రెండుసార్లు వరుసలో చేరకుండా ఏం చెయ్యాలి, అన్నీ బాణం గుర్తులతో వేశాను. వెనక గోడకు మధ్యలో ఒక వెడల్పాటి ఇనుప తలుపుంది. దాని ముందు వేదిక వేస్తే అతికినట్టు సరిపోతుందని టేపుతో కొలిచి తేల్చాను. ఆ తలుపు వెనక గదిలో ఖరీదైన సరుకు పెట్టి తాళం వేస్తాం. పూజనాడు ఆ గదితో ఎవరికేం పని? వాన నీళ్ళు నేల మీదికి వస్తాయని, పెట్టెలు పేర్చే చెక్క ప్యాలెట్ మీదే దేవుణ్ణి కూర్చోబెట్టించాను. పూజ ముందురోజు సారు వచ్చి చూసి, "ఇంత పద్ధతిగా ఎప్పుడూ జరగలేదమ్మా," అన్నారు. ఆ మాటకు నేను రాత్రంతా పొంగిపోయాను.

పూజ పొద్దున్నే అయిపోయింది. సారు మిగతా లారీల వాళ్ళ పూజలకు బయల్దేరారు. ఒక్కో చోట ఖిచిడీ తినకపోతే వాళ్ళు అలుగుతారు, అందుకని మధ్యాహ్నం దాకా తింటూనే ఉంటారు. ఫోను మాత్రం సొరుగులో మరిచిపోయారు. ఆయన అలా వెళ్ళారో లేదో గుర్‌గాఁవ్ హెడ్డాఫీసు నుంచి నాకు మెయిల్ వచ్చింది. రూర్కెలాలో ఒక ఫ్యాక్టరీకి బేరింగుల పెట్టెలు ఈరోజే బయల్దేరాలి, బాధ్యురాలు ఫలానా. ఆ ఫలానా నేనే! నా ఒక్క లోడు, నా సొంత లోడు వచ్చేసింది. అదృష్టం ఎంత కలిసొచ్చిందంటే, పండగ సంగతి పట్టని ముసలి డ్రైవరొకాయన రాంచీ నుంచి ఖాళీ లారీతో అప్పుడే వచ్చి గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. ఆయన్ని మేం చాచా అంటాం. సరుకు ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూశాను. సరుకు తాళం గదిలో ఉంది. తాళం గది ముందు విశ్వకర్మ ఉన్నాడు, నాలుగు చేతులతో, ఏనుగు మీద, తలుపుకు సరిగ్గా అడ్డంగా. కొలిచి పెట్టింది నేనే కదా, పిల్లి దూరే సందు కూడా లేదు.

పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఆయనది మా వీధే, టెక్కలి వైపు నుంచి వచ్చిన మనిషి. "బాబాయ్, దేవుణ్ణి కాస్త పక్కకు జరపాలి. బండి తియ్యవా?" అన్నాను.

బాబాయి ఖిచిడీ ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. "ఏటీ? దేవుడ్ని జరపాలా? నీకేటైనా పిచ్చెక్కినాదేటే అమ్మీ? బండికి బొట్టెట్టీసినాను, దండేసీసినాను. రేపొద్దున్న దాకా దాని తాళం తిప్పితే నా సెయ్యి పడిపోతాది."

"మరి నా ఉద్యోగం పోతే?"

"దాని గురించి రేపు మాటాడుకుందాం. ముందు కూకొని తిను, సల్లారిపోతాది."

పూజ చేయించిన పంతులుగారిని పట్టుకున్నాను. ఆయనది బరంపురం, తెలుగూ ఒడియా సమానంగా మాట్లాడతారు, రెండింట్లోనూ కుదరదనే చెప్పారు. ప్రాణప్రతిష్ఠ అయిన విగ్రహం నిమజ్జనానికే కదలాలట, మధ్యలో కదిపితే దోషమట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు వచ్చినప్పుడు నాకు నోరు కూడా లేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. "మరి పూరీలో జగన్నాథుడు ఏటా కదలడం లేదా పంతులుగారూ? రథమెక్కి ఊరంతా చూసి రావడం లేదా? ఆయనకు లేని దోషం ఈయనకెందుకు?" అన్నాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక శాస్త్రచర్చ అది. బరంపురం మనిషి దగ్గర జగన్నాథుడి పేరెత్తితే మామూలు విషయం కాదు. ఆయన టమాటా చట్నీలో వేలు పెట్టి చాలాసేపు ఆలోచించారు. చివరికి, "రథం ఉందా?" అన్నారు.

ఖాళీ అట్టపెట్టెల వెనక ఒక పాత హ్యాండ్ ట్రాలీ దొరికింది. దాని రెండు ఇనుప పళ్ళూ ప్యాలెట్ కిందకు తోసి, పిడి ఆడిస్తే బరువు పైకి లేస్తుంది, చేత్తో లాక్కుపోవడమే. బాబాయి వచ్చి దాన్ని అన్ని వైపులా తిప్పి చూశాడు, వంగి చక్రాల కింద కూడా చూశాడు. "దీనికి బొట్టు నేదు. మర్సిపోనాం దీన్ని. అంటే ఇది డూటీలో ఉన్నట్టే," అని తీర్పు చెప్పాడు. అంతవరకూ చెయ్యి పడిపోతుందన్న మనిషి చెంగున లేచి తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

పిడి నేనే పట్టుకున్నాను. రెండు ఊపులు ఊపగానే విశ్వకర్మ ఏనుగుతో సహా నేల మీంచి లేచాడు. పంతులుగారు శంఖం ఊదారు. మైకు దగ్గర కూర్చున్నవాడు సినిమా పాట ఆపేసి భజన పెట్టాడు. ఖిచిడీ వరుసలో ఉన్నవాళ్ళంతా ఆకులు కింద పెట్టి "జై విశ్వకర్మ" అంటూ వెనక చేరారు. దారిలో నేల మీద ఒక పగులుంది. రోజూ నా పెట్టెలన్నీ అక్కడే ఎగిరిపడేవి. ఇవాళ ఎగిరితే విరిగేది మట్టి దేవుడి చెయ్యి. ఊపిరి బిగబట్టి, పగులు పక్కనుంచి అంగుళం అంగుళం లాక్కుపోయాను. నాలుగు చేతులూ క్షేమంగా ఎదురు గోడ చేరాయి.

తలుపు తెరిచాం. ఇప్పుడు ఇదే ట్రాలీతో బేరింగులు లాగేస్తే పావుగంట పని అనుకుంటూ తిరిగి చూద్దును కదా, బాబాయి ట్రాలీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, మిగిలిన దండ చుట్టి దణ్ణం పెడుతున్నాడు. "ఇదేంటి బాబాయ్!" అన్నాను. "దేవుడెక్కిన రతం కదే. ఇంక దీంతో సరుకు మోత్తావేటి? కళ్ళు పోతాయి," అన్నాడు. అంతటితో ఆ ట్రాలీ కూడా సెలవు మీద వెళ్ళిపోయింది. బేరింగుల పెట్టెలన్నీ మనుషులే మోశారు, కడుపు నిండా ఖిచిడీ తిన్న మనుషులు, ఆయాసపడుతూ, నన్ను తిట్టుకుంటూ. పంతులుగారు కూడా పుణ్యానికని ఒక పెట్టె మోశారు. చాచా లారీ గేటు దాటేసరికి నా కుర్తా గుడ్డపేలికలా అయింది గానీ, నేను మాత్రం గాల్లో తేలుతున్నాను. తర్వాత దేవుణ్ణి అదే రథం మీద, అదే శంఖంతో, తిరిగి తన చోటికి చేర్చాం.

సాయంత్రం చాచా రూర్కెలా ఫ్యాక్టరీ ముందు నుంచి ఫోను చేశాడు. "బేటీ, గేట్ బంద్ హై," అన్నాడు. ఎందుకు మూశారని అరిచాను. "అందర్ పూజా హై. ఫోర్క్‌లిఫ్ట్‌కీ దండేశారు, మనుషులంతా తింటున్నారు. రేపు రమ్మంటున్నారు," అని హిందీలో చల్లగా చెప్పి, "ఖిచిడీ మాత్రం మీదానికంటే వీళ్ళదే బాగుంది," అని కూడా చేర్చాడు. ఈ దేశంలో విశ్వకర్మ ఒక్క మా గోదాంకే వస్తాడని నేను ఎందుకనుకున్నానో నాకిప్పటికీ తెలియదు. పక్కనే సామాను సర్దుకుంటున్న పంతులుగారు విని, "ఆ ఫ్యాక్టరీయా? అక్కడ పూజ చేయించేది మా బావే," అన్నారు. ముందే చెప్పొచ్చు కదండీ అంటే, "మీరు నన్ను దేవుణ్ణి జరపడం గురించే అడిగారు," అన్నారు.

ఏడుస్తూ ఇంటికెళ్ళాను. మా ఇంట్లో నాన్న తెలుగులో అడుగుతాడు, నేను హిందీలో చెబుతాను, ఎప్పటినుంచో అదే వరస. కథంతా విన్నాక నాన్న మొహం గంభీరంగా అయిపోయింది.

"దేవుడ్ని జరిపీసినావా?"

"హాఁ. థోడా సా," అన్నాను, కొంచెమేనని.

"ట్రాలీ ఎవులు నాగినారు?"

"మైఁనే."

"కుదుపొచ్చినాదా?"

"నహీఁ, పాపా. బిల్కుల్ నహీఁ." అస్సలు రాలేదన్నాను.

నాన్న లేచి వంటగదిలోకి వెళ్ళి అమ్మతో మెల్లిగా, "గుంటకి పనొచ్చీసినాదే," అన్నాడు, అంటే పిల్లకు పని పట్టుబడిందని. క్రేను మీద బతికినవాడు ఆ మాట ఊరికే అనడు. ఉద్యోగం పోయిందని ఏడుస్తున్న దాన్ని ఆ పూట అన్నం మారు వడ్డించుకుని తిన్నాను. ఆ రోజంతా నేను తిన్నది అదొక్కటే.

మర్నాడు హోజాయేగా సారు నన్ను పిలిచారు. బేరింగులు చేరవలసిన చోటికి ఒక రోజు ఆలస్యంగా చేరుతున్నాయి, అంతా ఆయనకు తెలిసిపోయింది. నిలబడే ఉన్నాను. ఆయన కంప్యూటరు నా వైపు తిప్పారు. గుర్‌గాఁవ్ నుంచి అభినందనలు! వాళ్ళ లెక్కలో బండి మన గేటు దాటితే చాలు, అవతలి గేటు సంగతి వేరే విభాగం వాళ్ళది. నిన్న తూర్పు ప్రాంతం మొత్తం మీద చెప్పిన రోజుకు బయల్దేరిన లోడు ఒక్కటేనట. అదెలా సాధ్యమైందో మిగతా గోదాంలకు వివరంగా చెప్పమని కూడా అడిగారు. సారు చాలాసేపు నవ్వారు. తర్వాత, "నిజం చెప్పమ్మా, దేవుణ్ణి కదపడానికి నీకు భయమెయ్యలేదా?" అన్నారు.

"వేసింది సార్. సిమెంటు కొట్టంటే ఇంకా ఎక్కువ భయమేసింది," అన్నాను. ఆయన నవ్వు ఆపి, నా పేరు పైకి రాశారు.

ఇప్పుడైతే నేను అలాంటి పని చస్తే చెయ్యను. ముందు అవతలి వాళ్ళకు ఒక్క ఫోను కొట్టి, తీసుకునేవాళ్ళున్నారో లేదో కనుక్కుంటాను, లేరంటే హాయిగా మర్నాటికి వేస్తాను. నా కింద పనిచేసే పిల్లలకు కూడా అదే నేర్పుతున్నాను, బుద్ధిగా తలలూపుతారు. కానీ ఆ రోజు నాకే గనక ఈ బుద్ధి ఉండి ఆ ఒక్క ఫోనూ చేసి ఉంటే, అందరితో పాటు ఖిచిడీ తిని ఇంటికెళ్ళి పడుకునేదాన్ని, ఈపాటికి గాజువాకలో బస్తాలు లెక్కపెడుతూ ఉండేదాన్ని. నెల మొదట్లో జీతం పడినప్పుడల్లా ఈ మాట గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఇంత తెలివి సంపాదించుకుని కూడా, నేను ఇవాళ్టికీ తింటున్నది ఆ తెలివితక్కువ పిల్ల సంపాదించి పెట్టిన అన్నమే.