ఎవరూ పాడని పొలం

మొన్న పేపర్లో, నేను రిటైరైన విశ్వవిద్యాలయం తన ఖాళీ స్థలాలను షాపింగ్ కాంప్లెక్సులకు లీజుకిస్తుందనీ, ఆసక్తి ఉన్నవారు ఆన్‌లైన్‌లో పాడుకోవచ్చనీ ప్రకటన పడింది. అది చదువుతుంటే, రెండుసార్లు వేలం పెట్టినా ఒక్కరూ నోరు విప్పని పొలం ఒకటి గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నిధులు తగ్గిపోయి, హాస్టళ్ల వెనక బీడుపడ్డ నల్లరేగడిని కౌలుకిచ్చి నాలుగు డబ్బులు చూసుకుందామని పైవాళ్లు తలపెట్టారు. ఎస్టేట్ సెక్షన్లో గుమాస్తాను కనుక పాట నడిపే పని నా నెత్తిన పడింది. రైతులు వచ్చేవారు, మట్టి నలిపి చూసి మిర్చికి ఇంతకంటే మంచి నేల లేదనేవారు. తీరా నేను సర్కారు పాట, అంటే మేం కట్టిన మొదటి ధర, చదవగానే అందరూ గట్టు మీది తుమ్మచెట్టు వంక చూసేవారు. ఇదేం చోద్యమో అంతుపట్టలేదు. దెయ్యం కథేమైనా ఉందేమోనని కూడా ఆరా తీశాను. నాకసలే ఏదైనా తెలియకపోతే అన్నం సహించదు.

చివరికి ప్రత్తిపాడు రైతొకాయన్ను బస్టాపు దాకా వెంటపడి అడిగితే, "ఆయన చేతి మంచినీళ్లు తాగి ఆయన పొలమే పాడమంటారేంటండీ, భలేవారే!" అన్నాడు.

ఆయనంటే మా సెక్షన్ అటెండరు, మేమంతా బాబాయి అని పిలిచే మనిషి. యూనివర్సిటీ కట్టేటప్పుడు ఆ పొలం ఇచ్చి, బదులుగా ఈ ఉద్యోగం పుచ్చుకున్నాడట. ఆరేళ్లు పక్కపక్కనే పనిచేసినా ఆ సంగతి నాకు తెలియదు. పైగా రెండు పాటలకూ గ్లాసులందించమని ఆయన్ను పురమాయించింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడోసారీ పాట కుదరకపోతే కోల్డ్ స్టోరేజీకి ముప్పయ్యేళ్ల లీజుకిచ్చేస్తామని ఆఫీసరుగారు తేల్చి చెప్పారు. అంటే ఆ నేలలో ఇక నాగలి దిగదు. ఆ మాట బాబాయికి చెప్పి, పాట రోజున సెలవు పెట్టమన్నాను. సరేనన్నాడు గానీ, ఖాకీ బట్టలు మాని తెల్ల పంచె కట్టుకొచ్చి రైతుల మధ్య కూర్చున్నాడు. నేను సర్కారు పాట చదివానో లేదో, "దాని మీద వంద!" అన్నాడు. ఆయన దగ్గర అంత డబ్బు లేదని అక్కడ అందరికీ తెలుసు. ఆయనకు అభ్యంతరం లేదనీ అప్పుడే తెలిసింది. ముందు ప్రత్తిపాడు రైతు పెంచాడు, ఆ పైన ఇంకొకాయన, ఇక పాట ఊపందుకుంది. బాబాయి లేచి, పంచె ఎగ్గట్టి, కుండలో నీళ్లు ముంచి అందరికీ ఇచ్చాడు. ఈసారి అందరూ ఆయన ముఖంలోకి చూసే తాగారు.

ఆ ఏడు అక్కడ మిరప విరగకాసింది. ఇప్పుడు ఎవరు ఏ ఊళ్లో కూర్చుని పాడతారో ఎవరికీ తెలియదు, సౌకర్యమే, కాదనను. బాబాయి పోయి చాలా కాలమైంది. ఉండి ఉంటే, ఈ కంప్యూటర్లో తొలిపాట ఎలా పాడాలో నన్నే వచ్చి అడిగేవాడు.