నువ్వుల్లో ఇసుక, అవ్వ పాటలో సవ్వడి

మీ ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? పిల్లల దగ్గు తగ్గిందా? కోడలికి అన్నం ఇముడుతోందా? మీరు బీపీ మాత్ర మరచిపోవడం లేదు కదా? అందరి క్షేమం అడిగితే తప్ప నాకు చెయ్యి ఆడదు. లక్సెట్టిపేటలో మా మరిది పోయిన నెల కాలం చేశాడు. గుండె ఆగిందన్నారు. కబురు తెచ్చినాయనను నేను మొదట అడిగింది, "ఫ్యాన్ తిరుగుతుండెనా?" అని.

మరిది గదిలో కూర్చున్నవాళ్లకు అది వింతగా ఉండదు. పెళ్లిళ్ల మైకుసెట్టుతో మొదలుపెట్టి, చివరికి కంప్యూటర్ కొని, పాడేవాళ్లను కూర్చోబెట్టి పాటలు అందులోకి ఎక్కించేవాడు. పని మొదలైతే ఫ్యాన్ ఆపేవాడు. చెమటలు కారుతుంటే చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, కళ్లు మూసి వినేవాడు. నా చెయ్యి కదిలితే, "వదినె, గాజులు జర పైకి" అనేవాడు. నేను మోచేతుల దాకా తోసుకునేదాన్ని.

మా అవ్వ దంపుడు పాట అక్కడే ఎక్కించాం. చివర అవ్వ తీసే రాగం సన్నబడి సన్నబడి ఎక్కడ ఆగిందో తెలియదు. మరుసటి ఏడు అవ్వ లేదు. ఆ రాగం ఇక ఆ కంప్యూటర్లోనే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా నా ప్రాణం పోయేది.

సీడీ చేసే రోజు వెళ్లి కూర్చున్నాను. కంప్యూటర్లో పాట ఇరవై నాలుగు బిట్లట, సీడీలో పదహారే పడతాయట.

"మిగిలిన ఎనిమిది ఏమైతయి?"

"పోతయి వదినె."

"అవి అవ్వయే గదా. ఎట్ల పోనిస్తవు?"

ఆ ఎనిమిదీ తెగ్గోసిన పాట వినిపించాడు. గట్టి మాటలు బాగానే ఉన్నాయి. రాగం సన్నబడ్డ చోట మాత్రం గరగరమని ముక్కలై, టక్కున ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"గందుకే డిథర్ కలపాలె. సన్నటి సవ్వడి, గాలి వీసినట్టుంటది."

"అవ్వ పాటల చెత్త కలుపుతవా?"

"నువ్వులు చల్లేటప్పుడు ఇసుక ఎందుకు కలుపుతవు?"

"ఉత్తయి చల్లితే ఒకదిక్కు కుప్ప పడతయి, ఒకదిక్కు పడనే పడయి. ఇసుక కలిపితే సమంగ రాలుతయి."

"మరి గదే."

అందులోనూ రకాలున్నాయట. సాదాది అంతటా ఒకే తీరుగా వినిపిస్తుంది. ఇంకొకటి ఆ సవ్వడిని మన చెవులకు అందీ అందని కీచు దాకా నెడుతుంది.

"మనకు అందకపోతే కుక్కలకు అందుతది గదా. పాట పెట్టంగనే వాడకుక్కలన్నీ మొరిగితే?"

ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. "సాదాదే కలుపుత. ఒక్కసారే, ఆఖరుకు" అన్నాడు. రెండుసార్లు పడితే పాట చెడుతుందని ఎప్పుడూ అదే మాట.

నేను ఊరుకుంటేనా. "కలిపినవా?" అని అడిగాను. "కలిపిన" అన్నాడు. చాయ్ తాగాక అడిగాను. అన్నం దగ్గర మళ్లీ అడిగాను. చివరికి ఆయనకే అనుమానం పుట్టి ఇంకోసారి కలిపాడు. సీడీ పెడితే నాకు ఏ తేడా తెలియలేదు. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, "ఇసుక రెండు పిడికిళ్లు పడ్డది" అన్నాడు.

"నీ ఫికర్‌ను సుత ఒక సీడీల ఎక్కియ్యాలె వదినె. ఇది పట్టుకోని సప్పుడు చెయ్యకుండ కూసో."

చెడిన సీడీ నా చేతిలో పెట్టి, పని మొదటి నుంచి చేశాడు. మంచిదాన్నీ ఇచ్చాడు. పోతాయేమోనన్న భయంతో రెండింటినీ ఒకే గుడ్డలో మూటగట్టి, బియ్యం డబ్బాలో దాచాను. గుర్తు పెట్టలేదు. ఏది ఏదో ఇప్పటికీ తెలియదు. "పట్కరా, విని చెప్త" అనేవాడు. బస్సు బోల్తా పడుతుందేమోనని రేపు మాపు అంటూ ఆగాను. చెప్పగలిగిన చెవులు ఆయనవే.

ఎట్లాగైనా నేనే వినాలి. తోటికోడలికి కబురు పంపాను. రెండు సీడీలూ తీసుకుని ఆయన గదిలోనే కూర్చుంటాం. ఫ్యాన్ ఆపుతాం. ఆమె చేతులకు ఇప్పుడు గాజుల్లేవు. నావి నేనే, ఎవరూ చెప్పకుండానే, పైకి తోసుకుంటాను. వచ్చే ఆదివారం, మా మంథనిలో పొద్దటి బస్సు ఎక్కుతాను.