పదకొండు కణుపుల మీసం

మ్యూజియంలో పురుగుల బొమ్మలు గీసే ఆవిడను అందరూ బొమ్మలక్క అంటారు. రిటైరయ్యే ముందు ఆమెకు వచ్చిన చివరి పని, కొత్తగా దొరికి, ఇంకా పేరు పెట్టని పొడుగు మీసాల పెంకుపురుగు. రెక్కల డిప్పలు, కాళ్లు, మెడ పక్కన ముల్లు బాగానే కుదిరాయి. ఒంటికి రెండింతలుండే మీసం దగ్గరికి వచ్చేసరికి చేయి వణికింది. సిరా గీత చెదిరితే బొమ్మంతా పాడు.

"అక్కా, మీసాలు మాత్రం కంప్యూటర్‌లో గీయించనా?" పక్కనే కూర్చున్న కుర్ర శాస్త్రవేత్త నసిగాడు.

"నా చెయ్యి కాదు, వీడి మీసం చూడు. చెరుకుగడలా అన్నీ కణుపులే. కణుపు కణుపుకీ ఆగి గీస్తాను."

అలాగే ఆగుతూ, పదకొండో కణుపుదాకా గీత చెదరకుండా గీసింది.

"ఇక ఊపిరి పీల్చుకోవయ్యా," అంది కలం కింద పెడుతూ. "నీకేమైనా అయితే వీడికి పేరు పెట్టేదెవరు?"